ఆ గోనెసంచి ఇలా ఇవ్వండి!

తెల్లవారుజాము నాలుగున్నర. నిజామాబాద్‌లో బోధన్‌ రోడ్డు పక్కన ఒక ఇల్లు అనుకోండి. పాలబండి ఇంకా రాలేదు. వీధిలో వాకిళ్లు ఊడుస్తున్న చప్పుడూ మొదలవలేదు. అప్పుడే వంటింట్లోంచి ‘ధన్‌’మని మోత! స్టీలు గిన్నె కింద పడి, గిరగిరా తిరిగి తిరిగి చివరికి ఆగింది. ఇంటాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఇంటావిడ మాత్రం కళ్లయినా తెరవలేదు.

‘‘దొంగ కాదు... మన షేరే’’ అని అటు తిరిగి పడుకుంది.

షేరు ఆ ఇంటి పిల్లి. ఏడాది కిందట, ఇంట్లో పెట్టిన బస్తాలను ఎలుకలు కొరికేస్తున్నాయని పల్లెలో చుట్టాల ఇంటి నుంచి తెచ్చారు. అప్పుడది అరచేతిలో పట్టేది. ఇంట్లో చిన్నపాప దానికి ‘షేరు’ అని పేరు పెట్టింది. తెలుగూ ఉర్దూ కలిసి తిరిగే ఊరు కదా... పిల్లికి పులి పేరు పెడితే ఎవరూ ఆశ్చర్యపోలేదు!

ఏడాది తిరిగేసరికి షేరు పెద్దదైంది. దాని చేష్టల చిట్టా కూడా పెరిగింది. సోఫా అంచులు పోగులు తేలాయి. పెరుగు గిన్నె మీద మూత నిలవదు. ఇస్త్రీ చేసి పెట్టిన పట్టుచీర మీదే పడుకుంటుంది. అంత మెత్తని పరుపు వేసినా దాని మీద పడుకోదు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నారు. మొన్న మాత్రం హద్దు దాటింది. మార్కెట్‌కు తీసుకుపోవాల్సిన పసుపు బస్తాలు వరండాలో ఉన్నాయి. షేరు వాటి దగ్గరకు వెళ్లి, వీపు అటు తిప్పి, తోక నిటారుగా ఎత్తి, వణికిస్తూ... చిర్రున చిమ్మింది. ఆ వాసన ఇల్లంతా కమ్మేసింది.

‘‘ఏడాది కష్టం. గంజ్‌ల ఈ వాసన చూస్తే ఎవడన్న కొంటడా?’’ ఇంటాయన మండిపడ్డాడు. ‘‘రేపు పొలం కాడికి పోతున్న గద... గోనెసంచిల ఏస్కపోయి గాడ్నే ఇడిసిపెట్టొస్త.’’

పాప కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటా కాదు. పిల్లిని పెంచుకున్న చాలా ఇళ్లలో ఏదో ఒక రోజు ఆ గోనెసంచి ప్రస్తావన వస్తుంది. సంచి బయటికి తీసే ముందు, పిల్లి పక్షాన కూడా ఒక్కసారి ఆలోచిస్తే ఎలా ఉంటుంది?

కొలువు అదే... ఇల్లే మారింది

కుక్కను మనిషి కావాలని తెచ్చుకున్నాడంటారు. పిల్లి మాత్రం దానంతటదే వచ్చింది. మనిషి గింజలు పండించి దాచుకోవడం మొదలుపెట్టాక ఎలుకలు వచ్చాయి. ఎలుకల వెనకాలే పిల్లి వచ్చింది. సైప్రస్‌ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టారని ఫ్రెంచ్‌ పరిశోధకులు 2004లో ప్రకటించారు. అంటే ఈ స్నేహం వయసు తక్కువేమీ కాదు.

ఇందూరు ప్రాంతానికి ఈ లెక్క బాగా తెలుసు. 1931లో నిజాంసాగర్‌ పూర్తయ్యాక మంజీరా నీళ్లు కాల్వల్లో పారాయి. బోధన్‌ శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం చక్కెర కర్మాగారం ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. చెరకు తోటలు విస్తరించాయి. చెరకు ఉన్నచోట ఎలుకలూ, పందికొక్కులూ ఉంటాయి. గడల మొదళ్లు కొరికేస్తాయి. పంట నరికేశాక గట్లలోకి, పక్క చేలల్లోకి, ఇళ్లల్లోకి చేరతాయి. అన్నట్టు ఇంగ్లిషువాళ్లు వాడే ‘బాండికూట్‌’ అనే మాట మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లిందే. మన తెలుగు పదాన్ని తీసుకెళ్లి ఆస్ట్రేలియాలో మరో జంతువుకి కూడా తగిలించారు!

ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బాగా తగ్గి వరి పెరిగింది. పసుపు మాత్రం ఈ నేలను వదల్లేదు. వడ్లు ఉన్నా, మక్కలు ఉన్నా, పసుపు ఉన్నా... బస్తా ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నంతకాలం పిల్లికి పని ఉంటుంది.

అప్పటి ఇంట్లో పిల్లికి కావలసినవన్నీ ఉండేవి. ఎక్కడానికి అటక, పెంకుల కప్పు. గోళ్లు గీకడానికి పెరట్లో వేపమాను. మలమూత్రాలకు మెత్తని మట్టి. తిరగడానికి గుమ్మి చుట్టూ, గొడ్ల కొట్టం చుట్టూ బోలెడు చోటు. ఇప్పుడో? నున్నటి టైల్స్‌, గ్రిల్స్‌, సోఫా, మాడ్యులర్‌ కిచెన్‌. పిల్లి మాత్రం పాత పిల్లే. వేపమాను లేకపోతే సోఫా గీకుతుంది. అటక లేకపోతే ఫ్రిజ్‌ ఎక్కుతుంది. మట్టి లేకపోతే పూలకుండీ తవ్వుతుంది. మనం కొంటెతనం అనుకుంటున్నవాటిలో చాలావరకు అది చేయాల్సిన పనులే. వాటికి మనం చోటు పెట్టలేదు, అంతే!

చక్కెర ఊళ్లో తీపి తెలియని జీవి

చక్కెర పేరుతో ఒక పేటే ఉన్న ప్రాంతంలో తీపి రుచి ఎలా ఉంటుందో తెలియని జీవి ఒకటుంది. అదే పిల్లి! పిల్లుల్లో తీపిని గుర్తించే జన్యువు పనిచేయదని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్‌ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. పులిలోనూ, చిరుతపులిని పోలిన చీతాలోనూ అంతే.

మరి పాయసం గిన్నెలో మూతి ఎందుకు పెడుతుంది? అందులోని పాల కొవ్వు కోసం. దానికి కావలసింది మాంసకృత్తులు, కొవ్వు. పిల్లి పూర్తి మాంసాహారి. ‘టారిన్‌’ అనే పోషకం దానికి తప్పనిసరి. అది మాంసం, చేపల్లో దొరుకుతుంది, అన్నంలో దొరకదు. అది లోపిస్తే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. ‘మా పిల్లి శుద్ధ శాకాహారి, పెరుగన్నమే తింటుంది’ అని కొందరు ముచ్చటగా చెబుతుంటారు. పాపం, గతిలేక తింటుందంతే.

పాల సంగతి కూడా తెలుసుకోవాలి. పిల్లీ పాలూ అనగానే మనకు సామెతలు గుర్తొస్తాయి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి గురించి తెలియనిదెవరికి? కానీ ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. ఒక గిన్నెడు పాలు పోస్తే, ఆ తర్వాత ఇంటి మూలమూలా తుడుచుకోవాల్సి రావచ్చు! గిన్నెలో ఎప్పుడూ శుభ్రమైన నీళ్లు ఉంచాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేప, గుడ్డు పెట్టొచ్చు. పూర్తి పోషకాలు అందాలంటే పిల్లుల కోసం తయారుచేసిన ఆహారాన్నీ కలపాలి. మాంసం వండని ఇళ్లకైతే ఇదే దారి. కడుపు నిండిన పిల్లి గిన్నెల మూతలు లాగడం సగం తగ్గిస్తుంది.

మిగతా సగం మన చేతిలో ఉంది. పిల్లి తన ఎత్తుకు అయిదారు రెట్లు ఎగరగలదు. అందుకే మన పెద్దలు ఉట్టి కనిపెట్టారు. ‘పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా’ అన్న మాట ఊరికే పుట్టలేదు. ఇప్పుడు ఉట్టి లేదు కాబట్టి గిన్నెలు అల్మారాలోకో, ఫ్రిజ్‌లోకో వెళ్లాలి. పొయ్యి గట్టు మీద ఒక్క చేపముక్క మరిచిపోయినా చాలు... ‘ఇక్కడ వెతికితే దొరుకుతుంది’ అని పిల్లి నేర్చేసుకుంటుంది. కిటికీ పక్కన ఎత్తుగా ఒక పలక బిగించి ఇస్తే, గట్టు ఎక్కడం మానేసి అక్కడ కూర్చుని వీధి చూస్తుంది.

సోఫా మీద ఎందుకంత కక్ష?

నిజానికి సోఫా మీద దానికి కక్షేమీ లేదు. గోళ్ల మీద పాత పొర ఊడి, కింద కొత్తది బయటపడాలంటే గీకాలి. నిద్ర లేవగానే ఒళ్లు విరుచుకోవాలంటే గీకాలి. పాదాల కింద ఉండే వాసన గ్రంథులతో ‘ఇది నా చోటు’ అని ముద్ర వేయాలన్నా గీకాలి. ఇంటిల్లిపాదీ కూర్చునే సోఫాలో అందరి వాసనా కలిసి ఉంటుంది. తన వాసనా అక్కడ చేర్చాలని దాని ఆరాటం.

గీకకుండా ఆపడం కుదరదు. గీకే చోటు మార్చడం కుదురుతుంది. రెండున్నర, మూడడుగుల ఎత్తున్న గట్టి కర్రకు కొబ్బరితాడో, గోనెపట్టానో బిగుతుగా చుట్టి, ఊగకుండా నిలబెడితే చాలు. దాన్ని ఎక్కడో మెట్ల కింద పెడితే పిల్లి పట్టించుకోదు. సోఫా పక్కనే ఉండాలి. దాని మీద గీకినప్పుడల్లా ఒక చిన్న మాంసం ముక్క పెట్టాలి. పదిహేను రోజులకో, నెలకో ఒకసారి గోళ్ల కొనలు కత్తిరిస్తే మరీ మంచిది. గోరు లోపల గులాబీరంగులో కనిపించే భాగం జోలికి మాత్రం వెళ్లకూడదు, రక్తం వస్తుంది.

చాలామంది చేసే పొరపాటు కొట్టడం. పిల్లికి, తాను పొద్దున గీకిన సోఫాకూ సాయంత్రం పడిన దెబ్బకూ సంబంధం తెలియదు. దానికి తెలిసేది ఒక్కటే... ‘ఈ మనిషి దగ్గరకు పోతే దెబ్బ పడుతుంది’ అని. గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులవుతుందని పెద్దలు చెప్పింది అక్షరాలా నిజం. చాలా గాట్లకు, రక్కుళ్లకు మూలం అదే.

అలాగని పిల్లి మాట విననిదేమీ కాదు. పిల్లులు తమ పేరును మిగతా మాటల నుంచి వేరుగా గుర్తుపడతాయని జపాన్‌ పరిశోధకులు 2019లో చూపించారు. గుర్తుపట్టినా రావాలా వద్దా అన్నది దాని ఇష్టం! మనిషి మెల్లగా కళ్లు మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుందని, అలా చేసినవాళ్ల దగ్గరకు రావడానికి ఇష్టపడుతుందని బ్రిటన్‌లోని ససెక్స్‌ యూనివర్సిటీ పరిశోధన 2020లో తేల్చింది. ఇవాళ సాయంత్రమే మీ ఇంట్లో ప్రయత్నించి చూడొచ్చు.

నాలుగున్నర అలారం

తెల్లవారుజామునే గిన్నెలు దొర్లించడం వెనక కూడా ఒక లెక్క ఉంది. పగలు చాలాసేపు నిద్రపోయే పిల్లి, పొద్దు గుంకేవేళ, పొద్దు పొడిచేవేళ చురుగ్గా ఉంటుంది. ఎలుకలు, పిట్టలు కదిలే సమయాలవి. ఇంట్లో వేట లేదు కాబట్టి గిన్నెలతోనూ, దుప్పటి కింద కదిలే మన కాలి వేళ్లతోనూ సరిపెట్టుకుంటుంది.

మనం చేసే తప్పేమిటంటే, గోల భరించలేక లేచి ఏదో ఒకటి పెట్టడం. ‘అరిస్తే బువ్వ వస్తుంది’ అని మర్నాటి నుంచి పావుగంట ముందే మొదలుపెడుతుంది. దానికి బదులు రాత్రి పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు దారానికి గుడ్డముక్క కట్టి పరుగెత్తించండి. ఆట అయ్యాక కడుపునిండా తిండి పెట్టండి. వేట, తిండి, ఆ తర్వాత నిద్ర... ఇదీ పిల్లి దినచర్య. ఆట అయ్యాక ఆ దారం మాత్రం దాచేయాలి. మింగితే పేగులకు చుట్టుకుని ప్రాణం మీదికొస్తుంది.

బస్తా మీద రాసిన చీటీ

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. షేరు బస్తా మీద చేసింది మామూలు మూత్ర విసర్జన కాదు. నిలబడి, తోక ఎత్తి, గోడకో వస్తువుకో చిమ్మితే అది సందేశం. వయసుకొచ్చిన గండుపిల్లి ‘ఈ ఇలాకా నాది’ అని మిగతా గండుపిల్లులకు రాసే చీటీ అన్నమాట. వరండా గ్రిల్‌ బయట వేరే గండుపిల్లి తిరిగితే ఈ చీటీలు ఇంకా ఎక్కువవుతాయి. బయటి నుంచి వచ్చిన బస్తా మీద కొత్త వాసనలు ఉంటాయి కాబట్టి దానిపైనే రాయాలనిపిస్తుంది.

దీనికి మందు తిట్లు కాదు, ఆపరేషన్‌. మగ పిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఈ చిన్న ఆపరేషన్‌ తర్వాత పదింట దాదాపు తొమ్మిది పిల్లుల్లో చిమ్మడం ఆగిపోతుంది, లేదా బాగా తగ్గుతుంది. మర్నాడే ఆగిపోవాలని ఎదురుచూడకూడదు. కొన్ని వారాలు పట్టొచ్చు. వాసన ఘాటు తగ్గుతుంది. రాత్రిళ్లు గోడలు దూకి, కొట్లాడి, చెవి చింపించుకుని రావడమూ తగ్గుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో, ఈ అలవాటు మొదలవకముందే చేయిస్తే ఇంకా మేలు. పశువైద్యుణ్ని ముందుగా అడిగి, రోజు ఖాయం చేసుకుని వెళ్లాలి.

ఆడ పిల్లి అయితే ఆపరేషన్‌ మరీ అవసరం. దాదాపు తొమ్మిది వారాలకే ఈనుతుంది. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలను నోట కరచుకుని ఏడిళ్లు తిప్పుతుందని అంటాం. క్షేమమైన చోటు కోసం దాని వెతుకులాట అది. ఆ పిల్లలన్నింటికీ ఇళ్లు దొరకడం ఎంత కష్టమో ఒక్క ఈతను చూసినవాళ్లకు చాలు, అర్థమైపోతుంది.

చిమ్మిన చోట ఫినాయిల్‌తో కడగడం మనకు అలవాటు. అది పిల్లికి విషం. తడి నేల మీద నడిచి పాదాలు నాకినా ప్రమాదమే. అమ్మోనియా ఉన్న ద్రవాలైతే మూత్రం వాసనే వేస్తాయి, పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. బట్టల సబ్బుపొడి నీళ్లతో కడిగి, మంచినీళ్లతో తొలిచి, ఎండ తగలనిస్తే చాలు.

తట్ట ఒకటి, జాగ్రత్తలు నాలుగు

కూర్చుని పరుపు మీదో, స్నానాల గదిలోనో పోస్తుంటే మాత్రం లెక్క వేరు. ముందు చూడాల్సింది దాని మరుగుదొడ్డి ఎలా ఉందని. వెడల్పాటి ప్లాస్టిక్‌ తట్టలో రెండు మూడు అంగుళాల మందాన మెత్తటి ఇసుక పోసి, సందడి లేని మూల పెట్టాలి. అన్నం గిన్నె పక్కన పెట్టకూడదు. మనమైనా మరుగుదొడ్లో కూర్చుని తింటామా? రోజూ శుభ్రం చేయాలి. రెండు పిల్లులుంటే మూడు తట్టలు... అంటే పిల్లుల లెక్కకు ఒకటి కలపాలి.

అన్నీ బాగున్నా అలవాటు తప్పిందంటే, అది అల్లరి కాకపోవచ్చు. జబ్బు కావచ్చు. ముఖ్యంగా మగ పిల్లి మాటిమాటికీ తట్టలోకి వెళ్లి, ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయకుండా తిరిగి వస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ‘రేపు చూద్దాంలే’ అనుకునే విషయం కాదిది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ గంటలోనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఇల్లు ఖరాబు చేస్తోందని కొట్టి బయటికి నెట్టిన పిల్లుల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

సంచి ప్రయాణం

‘పొలంలో వదిలేస్తే ఎలుకలు పట్టుకుని హాయిగా బతుకుతుంది’... సంచి కట్టేవాళ్లు మనసుకు చెప్పుకొనే మాట ఇది. నిజం వేరుగా ఉంటుంది. పిల్లి ప్రాణమంతా తన ఇలాకాలోనే ఉంటుంది. ఏ మూల నీళ్లుంటాయో, ఏ గోడ ఎక్కితే కుక్క అందుకోలేదో దానికి తెలుసు. కొత్తచోట అవేవీ తెలియవు. అక్కడ అప్పటికే ఉన్న పిల్లులు రానివ్వవు. కుక్కలు తరుముతాయి. గిన్నెలో తిండికి అలవాటుపడ్డ పిల్లికి రోజూ వేట దొరకదు.

పొలాల్లో ఇంకో ప్రమాదం ఎలుకల మందు. జింక్‌ ఫాస్ఫైడ్‌, బ్రోమాడయోలోన్‌ వంటివి ఎరల్లో కలిపి పెడతారు. ఆ ఎర తిని మత్తుగా తిరిగే ఎలుక పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది. ఆ విషం పిల్లికీ ఎక్కే ప్రమాదం ఉంది. ఇక కొన్ని పిల్లులు ఇంటిదారి పడతాయి. కాలు కాలిన పిల్లి అంటామే... అలా రోడ్లు దాటుకుంటూ తిరుగుతాయి. ఇల్లు చేరేవి కొన్ని, లారీల కింద పోయేవి ఎన్నో!

చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌ ప్రకారం నేరం. మొదటిసారి తప్పుకు ఆ చట్టంలో జరిమానా పది నుంచి యాభై రూపాయలు! చట్టం దానికి కట్టిన వెల అది. కంచం ముందు నుంచి లేచిపోయిన పాప ఎంత కడుతుందో వేరే చెప్పాలా?

ఎంత ప్రయత్నించినా పెంచుకోలేని పరిస్థితులూ ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన ఉబ్బసం ఉండి, పిల్లి పడదని డాక్టరు తేల్చిచెప్పొచ్చు. అలాంటప్పుడు తెలిసినవాళ్ల ఇంటికి, చెప్పి ఇవ్వాలి. అది తినే తిండి, వాడిన తట్ట, పడుకున్న పాత దుప్పటి కూడా వెంట పంపితే కొత్త ఇంట్లో తొందరగా కుదురుకుంటుంది.

పసుపు అద్దితే చాలదు!

పిల్లి రక్కినా, కరిచినా చిన్న గాయమేగా అని వదిలేయకండి. రేబిస్‌ కుక్కల నుంచే కాదు, పిల్లుల నుంచీ రావచ్చు. లక్షణాలు బయటపడ్డాక దానికి వైద్యం లేదు. కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఎంత పసుపు పండే ఊరైనా, గాయం మీద పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి, డాక్టరు చెప్పిన తేదీల్లో టీకాలన్నీ పూర్తి చేయాలి. పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్‌ టీకా వేయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పినప్పుడల్లా మళ్లీ వేయిస్తుండాలి.

గర్భిణులున్న ఇంట్లో పిల్లి ఉండకూడదని భయపెడుతుంటారు. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రావచ్చన్నది నిజమే. అయితే మలంలోంచి బయటపడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే తట్టను ఏ రోజుకారోజు, గర్భిణి కాకుండా ఇంట్లో మరొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా ఇది వస్తుందని మరిచిపోకూడదు.

మన మందులను పిల్లికి వాడకూడదు. జ్వరంగా ఉందని పారాసెటమాల్‌ బిళ్ల అర ముక్క వేసినా పిల్లి చనిపోవచ్చు. కుక్కలకు వాడే పర్మెత్రిన్‌ గోమార్ల మందు పిల్లికి రాస్తే ప్రాణాంతకం. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, చాక్లెట్లు పెట్టకూడదు. లిల్లీ జాతి పూల పుప్పొడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. బొకేల్లో అవి ఉంటే పిల్లికి అందకుండా చూడాలి.

మళ్లీ ఆ ఇంటికి...

ఆ రాత్రి సంచి తలుపు పక్కనే ఉంది. పాప అన్నం తినలేదు. బాపమ్మ మంచం మీద నుంచే అందుకుంది.

‘‘మీ తాతున్నప్పుడు గుమ్మి కాడ మూడు పిల్లులుండేటివి బిడ్డా. ఎన్నడు సంచి తియ్యలే.’’

‘‘అప్పుడు ఇట్ల ఖరాబు చెయ్యలేదా అవ్వా?’’ ఇంటాయన అడిగాడు.

‘‘ఎందుకు చెయ్యలే? అప్పుడు వాకిలంత మట్టి. ఎవరు సూశిండ్రు?’’ అంది. కాసేపాగి, ‘‘పిల్లలెన్ని పుట్టేటివో, ఎన్ని సచ్చేటివో గది గూడ ఎవరు సూడలే’’ అని అటు తిరిగింది.

పాత రోజులన్నీ పిల్లులకు మంచి రోజులేం కావు. అప్పుడు టీకా లేదు, ఆపరేషన్‌ లేదు. చోటు మాత్రం ఉండేది. ఇప్పుడు టీకా, ఆపరేషన్‌ రెండూ ఉన్నాయి. కావలసిందల్లా ఒక మూలన ఒక తట్ట, ఒక కర్ర, కిటికీ పక్కన ఒక పలక.

మర్నాడు ఇంటాయన పసుపును కొత్త బస్తాలోకి మార్చాడు. మిగిలిన బస్తాలు లోపలి గదిలోకి చేరాయి, తలుపు పడింది. సోమవారం షేరును డాక్టరుకు చూపించాలని మాటైంది. వాసన పట్టిన గోనెసంచిని ఇంటావిడ ఉతికి డాబా మీద ఆరేసింది. సాయంత్రం ఎండిన సంచి తెచ్చి మడతపెడుతుంటే పాప చెయ్యి చాపింది.

‘‘ఆ గోనెసంచి ఇట్లియ్యండి డాడీ...’’

తలుపు పక్కనున్న సంచి కూడా తీసుకుంది. పాత సర్వి కర్ర ఒకటి దొరికింది. రెండు సంచులూ చుట్టి, కొబ్బరితాడుతో ఇంటాయనే బిగించి కట్టి, కింద చెక్కపలకకు మేకులు కొట్టాడు. సోఫా పక్కన నిలబెట్టారు. షేరు వచ్చి వాసన చూసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు హాల్లోంచి చప్పుడు. ఈసారి గిన్నె కాదు. గోనె మీద గోళ్లు... గరగర, గరగర.

ఇంటావిడ లేచి కూర్చుంది. ‘‘దొంగనా?’’

‘‘కాదు, మన షేరే’’ అని ఇంటాయన అటు తిరిగి పడుకున్నాడు.